జహూర్ భాయి ఎక్కించిన కొత్త వెర్షన్

"నేను నో కొట్టిన," అన్నాడు జహూర్, చాయ్‌ని సాసర్లోకి వంచుకుంటూ. "కొత్త వెర్షన్ ఎక్కించాల్నా అని అడిగింది. వద్దన్న. గంతే. ఇంకోడైతే భయపడి యస్ కొడ్తుండె. నేను కొట్టలే."

తొంభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం అది. ఎల్లారెడ్డి బస్టాండు ఎదుట యాకూబు చాయ్ హోటల్లో, పొద్దు వాలే వేళకు జనం చేరడమూ జహూర్ నోరు తెరవడమూ ఒకేసారి జరిగేవి. ఎరువుల దుకాణంలో బస్తాలు దించి వచ్చిన బాలమల్లు తలకు చుట్టిన తువ్వాల విప్పి మెడ తుడుచుకున్నాడు.

"ఎవరడిగిండ్రు భాయ్?"

"ఎవరేంది? కంప్యూటర్."

"అది గూడ అడుగుతదా?"

"నా దగ్గరిది అడుగుతది. కామారెడ్డిల ఉన్నయి అడగయి. వాటికి గంత తెలివి లేదు."

బెంచీల మీద నవ్వు లేచింది. జహూర్‌కు కావలసింది అదే. సాసరు గుటకలో ఖాళీ చేసి, మీసం తుడుచుకుని, కాలు మీద కాలు వేసుకున్నాడు.

ఎల్లారెడ్డిలో మొదట టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టింది జహూరే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి ఆయన దగ్గర టైపు నేర్చుకుని నౌకరీలు తెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రోజుల్లో కళ్లకు రుమాలు కట్టుకుని మరీ టైపు కొట్టేవాడు, పిల్లలు గుడ్లప్పగించి చూసేవాళ్లు. అది కోత కాదు, నిజమే. తర్వాత టైపుకు వచ్చే పిల్లలు తగ్గిపోయారు. ఆయన కంప్యూటర్ కొన్నాడు. పెండ్లి కార్డులు, దుకాణాల కరపత్రాలు అందులో తెలుగులో కూర్చి, కామారెడ్డి ప్రెస్సుకు పంపి అచ్చు వేయించి తెప్పించేవాడు.

బాగానే ఉండేది, ఆ వెర్షన్లు లేకపోతే. చేతులకు కాస్త పని పట్టుబడిందో లేదో, కామారెడ్డి నుంచి సలీమ్ అనే మెకానిక్కు సంచిలో సీడీ పెట్టుకుని బస్సు దిగేవాడు. "భాయ్, కొత్తది వచ్చింది, పాతది ఇగ నడవది" అనేవాడు. అది ఎక్కించిన మర్నాడు, నిన్నటిదాకా ఎడమ పక్క ఉన్న బొత్తం కుడి పక్క కనపడేది. ప్రింటరు నాకేం సంబంధం అన్నట్టు కూర్చునేది. పిల్లలు చూస్తుండగా జహూర్ తన దుకాణంలో తనే దారి తప్పినట్టు ఆ తెర మీద వెతుక్కునేవాడు. దానికి అలవాటు పడేసరికి సలీమ్ మళ్లీ దిగేవాడు. ఈసారైతే పెద్ద భయమే పెట్టాడు, రెండు వేల సంవత్సరం రాగానే పాత వెర్షన్ ఉన్న మిషన్లకు తేదీ తెలియక మొద్దుబారిపోతాయని.

"నో కొట్టినవ్, మరి ఊకున్నదా?" అన్నాడు బాలమల్లు.

"ఊకుంటదా? మల్ల అడిగింది. మల్ల నో కొట్టిన. పొద్దుగాల నుంచి పొద్దుమీకెదాక అది అడుగుడు, నేను కొట్టుడు. ఆఖరికి తెర మీద నో అన్న బొత్తం అరిగి గుంత పడ్డది."

"తెర మీది బొత్తం అరుగుతదా భాయ్?"

"నా వేలికి అరిగింది. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? గది అలిగింది. అలిగి ఇసుక గడియారం పెట్టింది. తెర నడుమ గింతంత సీసా ఉంటది, దాంట్ల ఇసుక పడుతుంటది, పని అయ్యేదాక మనం సూసుకుంట కూసోవాలె. సరే పెట్టుకో బిడ్డా, నేను గూడ కదల అన్న. అది నన్ను సూసుడు, నేను దాన్ని సూసుడు. సూడంగ సూడంగ దాంట్ల ఇసుక ఒడిసింది. 'జహూర్ సాబ్, ఇసుక ఒడిసింది, ఎట్ల చెయ్యాలె' అని అదే అడిగింది. నాకు దయ పుట్టింది. మంజీర వాగుకు మనిషిని పంపి లారెడు ఇసుక తెప్పించిన."

"లారెడు ఇసుక గంత చిన్న సీసాల పట్టిందా?"

"పట్టకేంది? జల్లెడ పట్టి పోసినం."

పొయ్యి దగ్గర యాకూబు కూడా నవ్వాడు. పెద్దాయన, మామూలుగా నవ్వడు. "జల్లెడ పట్టిండంట" అని తనలో తను అనుకుంటూ గ్లాసులు కడుగుతున్నాడు. సరిగ్గా అప్పుడు లింగంపేట బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్లలో ఆశన్న ఉన్నాడు. రోడ్డు దాటి, జహూర్ దుకాణం వైపు ఒకసారి చూసి, షట్టరు దించి ఉండటం గమనించి, హోటల్లోకి వచ్చి చివరి బెంచీ అంచున కూర్చున్నాడు.

జహూర్ చూశాడు. ఖాళీ సాసరునే మళ్లీ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

ఆశన్న లింగంపేట రైతు. బిడ్డ గంగామణి పెండ్లి దగ్గరికొచ్చింది. పెండ్లి కార్డు కొట్టించడానికి ఆ బిడ్డను వెంటబెట్టుకుని జహూర్ దుకాణానికి వచ్చినప్పుడు ఆమె తెర దగ్గరికి వంగి తన పేరు తనే చదువుకుంది, చుట్టాల పేర్లలో తప్పులుంటే చూపించి దిద్దించింది. "సోమవారం రా అన్నా, ప్రెస్సు నుంచి తెప్పించి పెడ్త" అన్నాడు జహూర్. అన్నవాడు ఆ సాయంత్రమే ఆ పేజీని కామారెడ్డికి పంపేస్తే పోయేది. కానీ సలీమ్ ఇచ్చిపోయిన సీడీ టేబుల్ మీద ఉంది. ఎల్లారెడ్డిలో కొత్త వెర్షన్ మొదట ఎక్కించేది తనేనని జహూర్ ఊరంతా చెప్పి ఉన్నాడు. సలీమ్ మళ్లీ వచ్చి ఎక్కించేదాకా ఆగబుద్ధి కాలేదు.

నో కొట్టలేదు. యస్ కొట్టాడు. ప్రతిసారీ యస్సే కొట్టాడు. అడిగింది అర్థమైనా, కాకపోయినా.

మిషన్ మళ్లీ తెరుచుకునేసరికి తెలుగు లేదు. గంగామణి పేరున్న చోట చిన్న చిన్న డబ్బాలు వరుసగా నిలబడి ఉన్నాయి. ముహూర్తం ఉన్న చోట చీమలు తొక్కినట్టు ఏవో గీతలు. తెలుగు అక్షరాలున్న ఫ్లాపీ పెడితే కిర్రుమని తిరిగి, ఇందులో ఏమీ లేదంది. సలీమ్‌కు ఫోన్ చేస్తే ఊళ్లో లేడన్నారు. సోమవారం ఆశన్న వచ్చాడు. "రేపు" అన్నాడు జహూర్. ఆ రేపు వచ్చాడు. ఇంకో రేపు చెప్పాడు. ఆ తర్వాత షట్టరు దించుకుని లోపల కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఆశన్న ఇక్కడ, నాలుగడుగుల దూరంలో కూర్చున్నాడు. కథ ఆపితే అడుగుతాడు. ఆపకపోతే అడగడు, పదిమందిలో మాటకు అడ్డం వచ్చే మనిషి కాదు. జహూర్‌కు ఒకటే దారి కనపడింది.

"అసలు ముచ్చట ఇంక చెప్పనే లేదు," అన్నాడు, గొంతు పెంచి. "ఇసుకతోని గూడ కానిది సూసి, అది కరెంటు తోని కొట్లాటకు దిగింది. టక్కున కరెంటు పోయింది. ఊరంత చీకటి. నేను భయపడ్తనా? ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి కట్టిన. అదొడిసింది. ఇంకో ట్రాక్టర్. ఎల్లారెడ్డిల ఉన్న ట్రాక్టర్లన్ని నా దుకాణం ముంగట వరుస కట్టినయ్."

"మా సేటు ట్రాక్టర్ గూడనా?" అన్నాడు బాలమల్లు.

"మొదలు అదే."

"గదేంది మరి, నేను దాంట్లకెల్లే బస్తాలు దించితి."

"నువ్వు దించింది తెల్లారినంక. నేను చెప్పేది దానికంటె ముందల." జహూర్ కంటి చివరతో చూశాడు. ఆశన్న యాకూబు ఇచ్చిన చాయ్ రెండు చేతులతో పట్టుకుని వింటున్నాడు. ముఖంలో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది. "ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? ఎస్టీడీ బూత్‌కు ఫోనొచ్చింది. ఏడికెల్లి? అమెరికాకెల్లి. పెద్ద ఇంజనీరు. 'జహూర్ సాబ్, ప్రపంచమంత కొత్త వెర్షన్ ఎక్కించుకున్నరు, ఎల్లారెడ్డిల మీరొక్కరే మిగిలిండ్రు, మాకు నిద్ర పడ్తలేదు' అన్నడు."

"తెలుగులనా?"

"ఉర్దూల. నా కోసం నేర్చుకున్నడు."

నవ్వులు. బస్సు కోసం ఆగిన ఒకాయన తన బస్సు పోతున్నా కదలలేదు.

"ఫోన్ల మాట్లాడేది కాదు, మనిషి రావాలె అన్న. తెల్లారెవరకు దిగిండ్రు. హెలికాప్టర్ దిగుతానికి ఈడ జాగ ఏది? పోచారం చెరువు కట్ట మీద దింపిచ్చిన. ఆ గాలికి చెరువుల నీళ్లు ఇటు పక్కకు ఒరిగి, నాగిరెడ్డిపేట పొలాలన్ని తడిసినయ్. ఈ యేడు వాళ్లకు మోటర్ పనే పడలే."

"అల్లా," అన్నాడు యాకూబు, చాయ్ వడపోస్తూ.

"ఆ ఇంజనీర్లను మా ఇంటికి తోల్కపోయిన చాచా. మా దాదీ మసాల నూరిన రాయి సూపిచ్చిన. ఇది ఎన్నో వెర్షన్ చెప్పుండ్రి అన్న. నోరు తెరవలే. మా దాదీ నూరింది, మా అమ్మ నూరింది, ఇప్పుడు నా భార్య హమీదున్నీసా నూరుతున్నది, ఒక్కనాడన్న అది లేచి ఇంకో మూలకు పోయి కూసున్నదా అని అడిగిన." జహూర్ గొంతు ఉన్నట్టుండి మారింది. నవ్వించే గొంతు కాదది. "నేను టైపు నేర్చుకున్ననాడు ఏ అచ్చరం ఏడున్నదో ఇయ్యాల గూడ ఆడ్నే ఉన్నది. కండ్లు మూసుకోని కొడ్త. ఎవ్వడు జరపలే. నేర్చుకున్నది మనిషికి ఉండాల్నా వద్దా? నేర్చుకుంట నేర్చుకుంటనే ముసలోన్ని గావాల్నా? ప్రతి ఆరు నెలలకు మల్ల ఒకటో తరగతిల కూసోవెడ్తరా?"

ఎవరూ నవ్వలేదు. బాలమల్లు కొంచెం వింతగా చూశాడు. ఆశన్న గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ఇప్పుడు అడుగుతాడు.

"అని అడిగేసరికి," జహూర్ లేచి నిలబడ్డాడు, "ఆ ఇంజనీర్లు ఏడ్చిండ్రు! ఒక్కడు గాదు, అందరు. 'సాబ్, మాకు గూడ గిదే బాధ, మమ్ముల గూడ మా మిషిన్లు సతాయిస్తున్నయ్, ఇగ మీరే ఒక వెర్షన్ చెయ్యుండ్రి, అదే ఆఖరిది, దాని ఎన్క ఇంకోటి రావద్దు' అని కాళ్లమీద పడ్డరు. చేసిన. అయింది. ఎంటర్ కొట్టుడొక్కటే మిగిలింది. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా?"

"ఏమైంది?"

"ప్రపంచం ఆగింది."

"ఆఁ?"

"ఆగింది. ఏ దేశంల సూడు, ఏ తెర మీద సూడు, ఒక్కటే మాట, 'జహూర్ భాయి ఎంటర్ కొట్టెదాక ఆగుండ్రి' అని. కామారెడ్డి స్టేషన్ల రైలు ఆగింది. సిగ్నల్ గాదు, నా ఎంటర్ కోసం. పైన ఇమానాలు పిట్టలు తీగ మీద కూసున్నట్టు మొగులు మీద కూసున్నయ్. బ్యాంకుల నోట్లు లెక్కవెట్టెటోని వేలు నోటి మీద ఆగింది. పొద్దు..."

"పొద్దు గూడ ఆగిందా భాయ్?" బాలమల్లు కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతున్నాడు.

"ఆగింది. మునగాలె, మునగలే. గట్లనే నిలవడ్డది."

"మరి కొట్టినవా?"

జహూర్ చూపుడువేలు పైకెత్తాడు. హోటల్ అంతా ఆ వేలినే చూస్తోంది. ఇక దీని పైన ఇంకేం చెప్పాలో తోచలేదు. సూర్యుణ్ని ఆపేశాక ఇంకేం మిగిలింది? నోటికి వచ్చింది అన్నాడు.

"కొట్టిన. కొట్టంగనె ఏమైందో ఎర్కనా? ప్రపంచంల ఉన్న కంప్యూటర్లన్నిట్ల ఒక్కసారి తెలుగు అచ్చరాలు వచ్చినయ్! అమెరికాల తెలుగే, అరబ్బు దేశాలల్ల తెలుగే. గుండ్రంగ, ముత్యాలోలె..."

అన్నాక విన్నాడు, తను ఏమన్నాడో. వేలు గాల్లోనే ఉంది.

"తెలుగు అచ్చరాలు వచ్చినయా భాయ్?" అన్నాడు ఆశన్న, కూర్చున్న చోటు నుంచి మెల్లగా. "అయితే మా పిల్ల పేరు గూడ వచ్చి ఉంటది."

బాలమల్లు పకపకా నవ్వబోయి, ఆశన్న ముఖం చూసి, సగంలో మింగేశాడు. పెండ్లి కార్డుల సంగతి అతనికీ తెలుసు, బస్టాండులో అందరికీ తెలుసు. యాకూబు పొయ్యి మంట తగ్గించాడు.

జహూర్ చెయ్యి దించాడు. "రేపు..." అన్నాడు. "సలీమ్ రేపు వస్తడు అన్నా, వచ్చినంక..."

"రేపు వద్దు భాయ్." ఆశన్న గొంతు పెంచలేదు. "మొన్న గూడ వచ్చిన. షట్టరు దించి ఉన్నది గని కింద సందు ఉన్నది. వంగి సూసిన. మిషిన్ ముంగట కూసోని తలకాయ చేతులల్ల పెట్టుకున్నవ్. పిల్వబుద్ధి గాలే. ఎన్కకు పోయిన."

జహూర్ బెంచీ మీద కూలబడ్డాడు. తను లోపల దాక్కున్నాడని ఆశన్నకు తెలుసు. తెలిసే వెళ్లిపోయాడు, తనను సిగ్గుపరచకూడదని. అది తెలియక తను ఇంతసేపూ అతని ముందు రైళ్లు ఆపాడు, పొద్దును ఆపాడు.

"మిషిన్ ఖరాబైతె నీ తప్పేంది?" అన్నాడు ఆశన్న. "ట్రాక్టర్ ఖరాబు గాదా, మోటర్ కాలదా? గని ఒక్క మాట చెప్తే అయిపోతుండె. 'కావు ఆశన్నా, ఇంకో జాగ సూసుకో' అంటే నేనే కామారెడ్డి పోదును. వియ్యంకులోళ్లు కార్డు ఏదని అడిగిండ్రు. రేపస్తదని చెప్పిన. మల్ల అడిగిండ్రు, మల్ల రేపన్న. నువ్వు నాకు చెప్పిన రేపునే తీస్కపోయి వాళ్లకు చెప్పిన. నేను గూడ అబద్ధాలోన్ని అయిన. అమెరికాతోని మాట్లాడినోనివి, నాతోని ఒక్క మాట మాట్లాడకపోతివి."

  

ఆశన్న కాళ్ల దగ్గర పెట్టుకున్న సంచిలోంచి ఒక మందపాటి కాగితం తీశాడు. నడిమికి మడిచి ఉంది. నాలుగు మూలలా పసుపు అద్ది ఉంది. లోపల నీలం సిరాతో, చేతిరాతతో, ఒక పెండ్లి పిలుపు.

"పిల్ల రాసింది," అన్నాడు. "ఇంట్ల బీడీలు చేసే పిల్లలందరు కూసోని రాసిండ్రు. ఒగరు పేర్లు చెప్పుడు, ఒగరు రాసుడు. ఆకు కత్తిరించుడు బందు వెట్టిండ్రు. ఇది నీకు."

జహూర్ తీసుకోలేదు. తీసుకునే చేతులు తనకు లేవనిపించింది.

"పట్టుకో భాయ్. మొదలు నీకే ఇయ్యమన్నది. 'జహూర్ సార్‌కు ముందుగాల ఇయ్యి నాయినా, లేకుంటె సిగ్గుపడి పెండ్లికి రాడు' అన్నది."

దానికన్నా ఆశన్న చెంప మీద కొట్టినా బాగుండుననిపించింది జహూర్‌కు. కాగితం తీసుకున్నాడు. "జహూర్ సార్ గారికి, కుటుంబ సమేతంగా" అని రాసి ఉంది. అక్షరాలు కొంచెం కుడివైపుకు వాలుతున్నాయి. ఆ పిల్ల తెర మీద వంగి తన పేరు చదువుకున్నప్పటి ముఖం గుర్తొచ్చింది. ఆ పేరును డబ్బాలు చేసింది తన వేలే. ఎవరో ఒకరు ఏదైనా అంటే బాగుండును, తిట్టినా సరే. బాలమల్లు తువ్వాల భుజాన వేసుకుని, "పోతున్న చాచా" అని జారుకున్నాడు. ఒక్కొక్కరే లేచారు.

"నాగిరెడ్డిపేట దిక్కు బస్సు ఎప్పుడున్నది చాచా?" అని యాకూబును అడిగాడు ఆశన్న. "ఆ దిక్కు చుట్టాలకు కార్డులు ఇచ్చెటివి ఉన్నయ్."

"పోయింది. ఇగ పొద్దుగాలనే."

జహూర్ లేచాడు. "ఇటియ్యి," అన్నాడు. "ఆ దిక్కు కార్డులు నాకియ్యి. నా బండి ఉన్నది. నేను పోత."

ఆశన్న అతని ముఖంలోకి చూశాడు. ఆ చూపు జహూర్‌కు తెలుసు. ఈ మాట కూడా అట్లాంటిదేనా అని తూస్తున్న చూపు. జహూర్ చాపిన చెయ్యి వెనక్కి తీయలేదు. కాసేపటికి ఆశన్న సంచిలోంచి ఒక కట్ట తీసి ఆ చేతిలో పెట్టాడు.

అప్పటికప్పుడే జహూర్ మోపెడ్ స్టార్ట్ చేసుకుని పోచారం రోడ్డు పట్టాడు. చెరువు కింద వరి పొలాల మధ్య, ఊరూరా ఆగుతూ, ఇల్లు అడిగి, గడప దగ్గర నిలబడి, కార్డు రెండు చేతులతో ఇచ్చి, "ఆశన్న బిడ్డె పెండ్లి, తప్పక రావాలె" అని మాత్రం చెప్పి కదిలాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. చాయ్ తాగుమన్నా వద్దన్నాడు.

నాగిరెడ్డిపేటలో భూదవ్వ అనే ముసలమ్మ, పెండ్లికొడుకు మేనత్త, కార్డును మనవరాలి చేత చదివించుకుంది. చదువుతుంటే తల ఊపుతూ విన్నది. తర్వాత కాగితాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని వేలితో ఆ అక్షరాలను తడిమింది.

"ఎంత మంచిగున్నయి బిడ్డా. నువ్వు ఎల్లారెడ్డిల కంప్యూటరు సారువి గదా? నీ మిషిన్ల కొట్టినవా ఇయ్యి?"

వెనకటి జహూర్‌కు అంతకంటే పెద్ద అవకాశం ఏం కావాలి? ముసలమ్మ ఎదురు చూస్తోంది, మనవరాలు ఎదురు చూస్తోంది, పక్కింటి వాళ్లు ఇద్దరు గోడ మీంచి తొంగి చూస్తున్నారు. చెప్పాలే గాని వినేవాళ్లు ఉన్నారు.

"కాదవ్వా," అన్నాడు. "పెండ్లిపిల్ల, తోటి పిల్లలు కూసోని చేత్తోని రాసిండ్రు."

"మరి నీ మిషిన్?"

"ఖరాబైంది." మోపెడ్ హ్యాండిల్ పట్టుకుని కదలబోయాడు. అది కూడా పూర్తి నిజం కాదనిపించింది. "ఖరాబు గాలే అవ్వా. నేనే ఖరాబు జేసిన."

ముసలమ్మకు అర్థం కాలేదు. ఇంకా ఏమన్నా చెప్తాడేమోనని చూసింది. జహూర్ చెప్పలేదు. మిగిలిన కార్డులు చొక్కా లోపల జాగ్రత్తగా పెట్టుకుని, అవతలి వీధిలో ఇల్లు ఎటో అడిగి వెళ్లిపోయాడు.